కుందాంబ ఆచరించిన తోడుగౌరి వ్రతము

పూర్వము జాబాలి మహర్షి రోమశ మహామునిని సమీపించి, తెలివి ఉండగనే కాలుసేతులు పడిపోయి, కొంతసేపటికి తామే కోలుకొనువారి దుఃఖము తీర్చు వ్రతమేదైనా కలదా యని అడిగెను. అందుకు రోమశుడు ఇట్లు చెప్పెను.

నీలవాటికాపురమున మారయ యను సాలెవాడు ఉండెను. అతని భార్య కుందాంబ. ఆమె తండ్రికి, ఆ తండ్రిని కన్న తల్లికిని ఒక వింత రోగముండెను. విందారగించి నిదురించిన మరునాడు మెలకువ వచ్చును గాని ఒడలు కదలదు. జాములు గడచిన పిదప మరల స్వాధీనమగును. అది కుందాంబకును వచ్చెను.

ఆడపడుచు పెండ్లినాడు బూరెలు తిని పరుండిన కుందాంబ తెల్లవారి లేవలేకపోయెను.

"కాళ్లూ చేతులూ ఆడట్లేదత్తా, నిజం" అని మొరపెట్టెను.

"బూరెలు తినడానికి ఆడిన చేతులేగా!" అని అత్త చెంచమ్మ ఈసడించి, తలుపు దగ్గరగా వేసి పోయెను.

కనురెప్పపై వాలిన ఈగను తోలలేక, పెరటిలో తన్ను గూర్చి ఆడు మాటలన్నియు వినుచు, కుందాంబ ఒంటరిగా పడియుండెను. మధ్యాహ్నమునకు లేచి మగ్గమున కూర్చుండగా అందరు నవ్విరి. ఇట్లు పలుమారులు జరిగెను. తాను చచ్చినను వీరికి పొద్దుగూకువరకు తెలియదు గదా యని ఆమె లోలోన కుమిలెను.

ఒకనాడు ఆమెను అట్లే విడిచి ఇంటివారు తిరునాళ్లకు పోయిరి. పొయ్యిలోని నిప్పురవ్వ నూలుపై పడి మగ్గము అంటుకొనెను. కుందాంబ చూచుచునే యుండెను; వేలైనను కదల్పలేకపోయెను. అంతలో దారినపోవు ముదుసలి యొకతె ఆమెను చాపతో సహా వెలుపలికి ఈడ్చి, చేయి పట్టుకొని కూర్చుండెను.

"పోతావా అవ్వా?"

"నీకు కదలిక వచ్చేదాకా పోను తల్లీ."

ఆ మాటకు కుందాంబ వెక్కి వెక్కి ఏడ్చెను.

తిరిగివచ్చిన మారయ బూడిదను చూచి, భార్యను చూచి, తల వంచుకొనెను. ముదుసలి గౌరియై నిలిచి, మితముగా భుజింపుడనియు, తనకు తీపి నైవేద్యము వలదు, టెంకాయనీరు చాలుననియు, ఒడలు పడిపోయినవారి చెంత ఒకరు కూర్చుండుటయే తన పూజ యనియు చెప్పి అంతర్ధానమయ్యెను.

చెంచమ్మ ఆ వ్రతము పూనెను. కాలిన ఒక్క మగ్గమునకు మారుగా మూడు మగ్గములయ్యెను. సిరి రాగానే పని తొందరలో కోడలిని మరల ఒంటరిగా విడిచిరి. ఆ వారముననే నేసిన చీరలన్నియు వానపాలయ్యెను. చెంచమ్మ లెంపలు వేసుకొని కోడలి పక్కన చేరెను. ఇంట మరల కలిమి నిలిచెను.

కొన్నేండ్లకు కుందాంబ కూతురు ఒక ఉదయమున "అమ్మా, నా చేతులేవి?" అని బావురుమనెను. తన రోగమే బిడ్డకును వచ్చెనని కుందాంబ ఎరిగెను. వెంటనే పక్కన కూర్చుండి,

"నా చేతుల్లోనే ఉన్నాయమ్మా. నీకు వచ్చేదాకా పట్టుకునే ఉంటా" అనెను.

ఈ వ్రతమును అత్తలు, కోడండ్రు, భర్తలు, రోగులున్న ఇంటివారెల్లరు ఆచరింపవలెను. ఆచరించినవారికి నింద తొలగును, సిరి నిలుచును. రోగము పోవునో పోదో గౌరియే ఎరుగును. ఒంటరితనము మాత్రము పోవును.