ముక్కా, పెదవా?

డాక్టర్ వకుళ చదివిన చదువు సామాన్యమైంది కాదు. ఆమె పట్టాలన్నీ తగిలించేసరికి ఆస్పత్రి గోడ జానెడు ఒరిగిపోయింది. ఒక్కటే లోటు, ఆగడం రాదు.

ఆ రోజు పైడమ్మ అనే తొలిచూలు పిల్ల వచ్చింది. చెప్పిన తేదీ దాటి నాలుగు రోజులైనా నొప్పుల ఊసు లేదు. వెనకే అత్తగారు, చేతిలో ముహూర్తం కాగితం.

"రేపు పదకొండుకల్లా కానుపు అయిపోవాల డాక్టరమ్మా. పంతులుగోరు రాసిచ్చినారు."

"అలాగే," అంది వకుళ. నొప్పులు తెప్పించే మందు సెలైన్ సీసాలో కలిపి స్టాండుకి తగిలించేసింది కూడా. "నొప్పులు రాకపోతే ఆపరేషన్ ఉండనే ఉంది."

పైడమ్మ రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. "పొట్ట కోసేస్తే మళ్ళీ నాట్లకి ఎప్పుడు వంగుతానమ్మా?"

అప్పుడొచ్చింది పెద్ద డాక్టరమ్మ సువార్తమ్మ. ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళని వరసగా నిలబెడితే సగం మంది సముద్రంలో నిలబడాల్సిందే. బిడ్డ గుండె చప్పుడు విని, బాగుందని తలూపింది.

"గర్భసంచి మూతి చూశావా వకుళా?"

"చూశానమ్మా. ఇంకా మూసుకునే ఉంది. మందు తెరిపిస్తుంది కదా."

సువార్తమ్మ వకుళ చూపుడువేలు పట్టుకుని, వకుళ ముక్కు కొన మీదే పెట్టింది. "వేలికి ఇలా గట్టిగా తగిలిందా?"

అదే వేలు కింది పెదవి మీద పెట్టింది. "ఇలా మెత్తగా తగిలిందా?"

అత్తగారు కూడా గుట్టుగా తన ముక్కు నొక్కి చూసుకుంది.

"ముక్కులాగే ఉందమ్మా," అంది వకుళ చివరికి.

"మెత్తబడని మూతికి మందెక్కిస్తే చివరికి కత్తే గతి," అంటూ సువార్తమ్మ సీసా తీసేసి, ఖాళీ స్టాండుకి తన గొడుగు తగిలించింది.

అత్తగారి అరుపులకి మూడూళ్ళ కాకులు లేచిపోయాయి. గొడుగు మాత్రం కదల్లేదు. వకుళ గంట గంటకీ బిడ్డ గుండె చప్పుడు వింటూ రెండు రోజులు కూర్చుంది. అవి రెండు యుగాలు.

మూడో పొద్దున పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఎలా ఉంది?" అడిగింది సువార్తమ్మ.

వకుళ కింది పెదవి మీద వేలు పెట్టుకుంది.

సువార్తమ్మ వెళ్ళి స్టాండు మీంచి తన గొడుగు తీసుకుంది.

సీసా ఎక్కింది. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. కత్తి ఊసే రాలేదు.

"అసలు ముహూర్తం ఇదేనమ్మా!" అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "పంతులుగోరు కళ్ళజోడు మర్సిపోయి రాసినారు."

పైడమ్మ వకుళ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. వకుళ ఆ తడి చేత్తోనే సువార్తమ్మ పాదాలకి వంగింది.

"నాకెందుకే?" అంది పెద్దావిడ, గొడుగు చంకన పెట్టుకుంటూ. "తలుపు తీసింది ఆ తల్లి. మనం గుమ్మంలో నిలబడ్డాం."