ముప్పై మూడో బొమ్మ

ఉమాపతికి ఒళ్ళు మండిపోయింది. నెల్లాళ్ళు కష్టపడి తను తయారుచేసిన ట్యాబ్లెట్‌ను పేరయ్య మూడోసారి కింద పడేశాడు మరి.

పేరయ్య ఆ ఆశ్రమం వంటశాలను పాతికేళ్ళు ఏలినవాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డాక్టరుగారు దాన్ని అఫేజియా అన్నారు. మాట దొరకదు, తల ఊపినా అవునుకు కాదు, కాదుకు అవును వచ్చేస్తుంది, బుద్ధి మాత్రం చెక్కుచెదరదని చెప్పారు. ఒకప్పటి కంప్యూటర్ ఇంజనీరు ఉమాపతి ఆయన కోసం ముప్పై రెండు బొమ్మలు పెట్టాడు. నొక్కితే చాలు, ట్యాబ్లెట్ పలుకుతుంది. నీళ్ళు కావాలి, అన్నం కావాలి, మందు కావాలి.

"మాట తెచ్చిచ్చినా అక్కర్లేదట స్వామీ. బుద్ధి కూడా పోయినట్టుంది," అన్నాడు గురువు తారకయోగితో. పేరయ్య మంచం పక్కనే నిలబడి అన్నాడు, అదీ మనవాడి ఘనత.

యోగి ట్యాబ్లెట్‌ను తుడిచి ఉమాపతి చేతికే ఇచ్చాడు. "సాయంత్రం దాకా నీకూ మాట దీంతోనే. నోరు విప్పకు, తల ఊపకు, చేతులు తిప్పకు."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు ఉమాపతి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మేనేజరు నరసరాజు యోగితో మాట కదిపాడు. "ఆదోని ఆశ్రమానికి మనిషి కావాలి స్వామీ. మన ఉమాపతిని రేపే బస్సెక్కిస్తాను. ఓ ఐదేళ్ళు అక్కడ ఉంటాడు."

ఉమాపతి గుండె గుభేలుమంది. ఉద్యోగం, ఇల్లు అన్నీ వదులుకుని ఈ ఒక్క గురువు కోసం వచ్చినవాడతను. గబగబా బొమ్మలన్నీ వెతికాడు. అన్నం, మందు, ఫ్యాను, దుప్పటి. 'వద్దు' అనే బొమ్మ లేదు. ఏదో ఒకటి పలికితే చాలనుకుని చేతికందింది నొక్కాడు.

"నీళ్ళు కావాలి," అంది ట్యాబ్లెట్.

"పాపం, దాహంగా ఉన్నట్టుంది." నరసరాజు గ్లాసు అందించి భుజం తట్టాడు. "మౌనం అర్ధాంగీకారం అన్నారు. కుర్రాడికి ఇష్టమే స్వామీ."

"సాయంత్రం అతను నోరు విప్పాక చూద్దాం," అని యోగి లేచాడు.

గ్లాసు ఉమాపతి చేతిలోనే ఉండిపోయింది. పోయిన మంగళవారం, కొత్త వంటవాడికి గది కావాలని, పేరయ్యను వంటశాల పక్క గదిలోంచి వెనక వసారాలోకి మార్చారు. మార్చింది తనే. ఆ రోజంతా పేరయ్య నీళ్ళ బొమ్మే నొక్కాడు. తను పదకొండు గ్లాసులు తెచ్చిచ్చాడు. ప్రతిసారీ భుజం తట్టాడు. ఎంత సేవ చేస్తున్నానో అని మురిసిపోయాడు కూడా.

ఉమాపతి ఆ గ్లాసును ముట్టకుండానే కింద పెట్టేశాడు.

సాయంత్రం యోగి చూస్తుండగా వసారాలో పేరయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ముప్పై మూడో బొమ్మ పెట్టాడు. అడ్డంగా చాచిన అరచెయ్యి. నొక్కితే "వద్దు" అంటుంది.

పేరయ్య ఎడమచేత్తో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. కళ్ళు తుడుచుకోవడానికైనా ఆగకుండా నొక్కుతూనే ఉన్నాడు.

"ఆయన్ని ఇప్పుడే పాత గదికి మార్చేస్తాను స్వామీ," అని ఉమాపతి లేవబోయాడు.

యోగి అతని భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టాడు.

"ఆయన్ని అడిగావా?" అన్నాడు.