గంగవాయిలికి గంగకు పోయిన అవ్వ

అనగనగా, దేని పేరు ఏదో ఇంకా గట్టిగా కుదరని కాలంలో, మూడు కొండల ఇవతల ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకులమ్మ అనే ముసలామె ఆకుకూరలు అమ్ముకునేది. తెల్లవారుతూనే గట్లన్నీ తిరిగి కోసేది. పొద్దు చెట్లెక్కకముందే గంప ఖాళీ చేసేది. నిన్నటి ఆకు ముట్టేది కాదు. మంచు ఆరకముందే ఆకు పొయ్యెక్కాలి అనేది. ఆమెకు పిల్లలు లేరు. అమ్మా అని పిలిచే నోరు లేదు. ఒక్కతే వండుకునేది, ఒక్కతే తినేది.

పెద్దింటికి కొండల అవతలి నుంచి లచ్చుమి అనే కోడలు వచ్చింది. నెల తప్పింది. వేవిళ్లు పట్టుకున్నాయి. అన్నం ఇమడలేదు, గంజి ఇమడలేదు, చివరికి మంచినీళ్లూ ఇమడలేదు. పిల్ల మంచానికి అంటుకుపోయింది. తల్లీ బిడ్డా దక్కరేమోనని ఊరు గుసగుసలాడింది.

సుంకులమ్మ గంప దించి, ఏం తినాలనుంది తల్లీ అని అడిగింది.

"గంగవాయిలి కూర అవ్వా. మా ఊరి గంగవాయిలి."

ఆ పేరు సుంకులమ్మ ఎన్నడూ వినలేదు. అదేమిటని అడగడానికి సిగ్గేసింది. ఆకులమ్మే మనిషికి ఆకు తెలియదంటే ఎలా?

పేరులో గంగ ఉంది కదా అని ఏటికి పోయింది. మోకాటి లోతు నీళ్లలో దిగి తూటికూర తెచ్చింది. లచ్చుమి వాసన చూసింది. "ఇది కాదవ్వా" అంది.

వాయిలి అంటే వావిలేనేమో అని వాగుకు పోయింది. వావిలాకు తెచ్చింది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమే సుంకులూ, అది బాలింత స్నానానికి కాచే ఆకు. కానుపు కాకముందే నీళ్లు పోస్తావా?"

లచ్చుమి నవ్వలేదు. "ఇది కాదవ్వా" అని గోడవైపు తిరిగింది.

మూడోసారి సుంకులమ్మ మూడు కొండలు ఎక్కి దిగింది. లచ్చుమి పుట్టిన ఊరు చేరేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి. మొదటి ఇంటి అరుగు మీద ఒకామె కూర ఏరుతోంది. గంగవాయిలి ఏదమ్మా అంటే చేతిలోదే చూపించింది. ఎర్రటి కాడ, బొద్దు ఆకు. పావిలాకు! తన గుడిసె వాకిట్లో తొక్కుకుంటూ తిరిగే పావిలాకు. చేలో కలుపని పీకి పారేస్తే తను ఏరుకుని తినే ఆకు. కలుపాకు పెద్దింట ఎలా ఇస్తానని ఏనాడూ గంపలో వెయ్యలేదు.

ఇంతలో లోపలినుంచి ఒక పసిది వచ్చి కూర ఏరే ఆమె మెడ పట్టుకుంది. అవ్వా, ఆకలి అంది.

"ఇంత చిన్నదానివి, దీనికి అవ్వవా?"

"అదేంది పెద్దమ్మా, కన్నతల్లిని. మా దిక్కు అమ్మనే అవ్వ అంటం."

లచ్చుమి తనను అవ్వా అని ఎన్నిసార్లు పిలిచిందో సుంకులమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆ తల్లి సుంకులమ్మ ఒడి నిండా ఆకు పెట్టబోయింది. కొండలు దాటేసరికి వాడిపోతుంది, నా వాకిట్లో తాజాది ఉంది అని సుంకులమ్మ ఖాళీ గంపతోనే తిరిగొచ్చింది.

మర్నాడు మంచు మీద కోసింది. పప్పులో వేసి తనే వండింది. లచ్చుమి ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మూడోది కూడా ఇమిడింది. కళ్లనీళ్లు కంచంలో పడ్డాయి.

"ఇదే అవ్వా. ఎక్కడిది?"

"మన వాకిటిదే బిడ్డా" అంది సుంకులమ్మ.

పండంటి బిడ్డ పుట్టింది. కొన్నేళ్లకు సుంకులమ్మ పోయింది. లచ్చుమి అదే వాకిట్లో అదే ఆకు కోసి వండుకునేది. బతికినన్నాళ్లూ ఆ మూడు ముద్దల రుచి మళ్లీ రాలేదట.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త కోడలు వస్తే ముందు గట్ల వెంట తిప్పుతారు. ఒక్కో ఆకూ చూపించి, మీ ఊళ్లో దీన్నేమంటారని అడుగుతారు. కాళ్లకింద ఉన్నదానికి ఊళ్లు తిరిగితే, గంగవాయిలికి గంగకు పోయినట్టు అంటారు. కలుపు తీసేటప్పుడు ఒక్క పావిలి మొక్కైనా వదులుతారు. కోసేముందు వంగి, "అవ్వా, పిడికెడు" అంటారు.

ఆ అవ్వ అంటే ముసలవ్వో, అమ్మో, ఏ ఊరి మాటగా పిలుస్తారో ఎవరూ అడగరు. కథ కంచికి పోయింది. పిలుపు గట్టునే ఉంది.