మంత్రిగారి దోసిట్లో చిత్తడి నేల

ఒకానొక రాజ్యంలో ప్రచండభూపతి అనే రాజు, కేశవామాత్యుడనే మంత్రి ఉండేవారు. కాళ్లకు మన్ను అంటకుండా రాజ్యమంతా కొలిచానని మంత్రిగారి గొప్ప.

ఆ రాజ్యానికి దక్షిణాన పెద్ద చిత్తడి నేల ఉండేది. వానాకాలమంతా మోకాటిలోతు నీళ్లు, నిండా తుంగ, బొటనవేలంత కప్పలు. ఆ తుంగ కోసి చాపలల్లుకుని నలభై గడపలు బతికేవి. వాళ్ల చాప పరవనిదే కొలువు మొదలయ్యేది కాదు. కానీ చాప అల్లినవాళ్లు బయట నిలబడాలి, దానిమీద కూర్చున్నవాళ్లు తీర్పులు చెప్పాలి. సింహాసనాల న్యాయం ఎక్కడైనా ఇంతే.

రోహిణి కార్తెలో మంత్రి ఆ నేలను చూసివచ్చాడు. పల్లకీ తెర కాస్త తొలగించి చూశాడు, అంతే.

"అది చచ్చిన నేల ప్రభూ. బీటలు తప్ప ఏమీ లేవు, ఒక్క ప్రాణి మెదలదు. నాకు దానమిస్తే పూడ్పించి మామిడితోట వేసుకుంటాను."

"ప్రాణి లేని నేలకు హక్కుదారెవరు? తీసుకో," అన్నాడు రాజు.

కోసేవాడిదే తుంగ అన్న మాట ఆ కొలువులో కొందరికి తోచకపోలేదు. తోచినవాళ్లు నోరు మూసుకున్నారు. అది ఇంకా పెద్ద నేరం.

అక్కడ భూదానానికి ఒక ఆచారముంది. ఆ నేల మీద బతికేవాళ్లే ఒక మట్టిగడ్డ తెచ్చి, పుచ్చుకునేవాడి దోసిట్లో పెట్టాలి. రాజు దానిమీద నీళ్లు ధారపోయాలి. మంత్రం ముగిసేలోగా గడ్డ జారవిడిస్తే దానం చెల్లదు. అంటే తమ బతుకును తామే తలమీద మోసుకొచ్చి అప్పగించాలన్నమాట.

ఆ పని చాపలల్లే గవరమ్మ మీద పడింది. ఆమె పొద్దున్నే తుంగ దుబ్బుల మధ్య వంగి వంగి వెతికి, గుమ్మడికాయంత గడ్డ పెళ్లగించి తెచ్చింది.

"ఇంత గడ్డ ఎందుకే?" అని మంత్రి విసుక్కున్నాడు.

"అంత నేల మింగుతున్నారు బాబూ, ఈ కాస్త మన్ను మొయ్యలేరా?"

కొలువులో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. గవరమ్మ రాజువైపు తిరిగింది.

"ప్రాణి లేదనే కదా మారాజా ఇస్తున్నారు?"

"మంత్రి స్వయంగా చూశాడు."

"అయితే ధార నిండుగా పొయ్యండి. చెంబుడు నీళ్లతో సరిపెడితే పిసినారి దానమంటారు."

ఆ మాట రాజుకు గుచ్చుకుంది. చెంబు పక్కన పెట్టి బిందె తెప్పించాడు. పురోహితుడు మంత్రం చదువుతున్నంతసేపూ పోస్తూనే ఉన్నాడు. మంత్రి పట్టుబట్టలు బురదయ్యాయి. గడ్డ మెత్తబడింది, చీలింది. అందులోంచి రెండు కళ్లు పైకొచ్చాయి. ఆ వెనకే గోధుమరంగు చిరుకప్ప. అది మంత్రి బొటనవేలెక్కి, వాన వచ్చిందనుకుని గొంతు బుడగలా ఉబ్బించి పిలుపు మొదలుపెట్టింది.

మంత్రి కెవ్వుమని చేతులు విదిలించాడు. మంత్రం ఇంకా ముగియనేలేదు, గడ్డ నేలపాలైంది. కప్ప ఎగిరి ఆయన తలపాగా మీదికి చేరింది.

"ఇదెక్కడిది?" అన్నాడు రాజు.

"చచ్చిన నేలలోదే. ఎండలకు జానెడు లోతున కాళ్లు ముడుచుకు పడుకుంటది. తొలకరికి లేచి తుంగ మొదళ్లలో గుడ్లు పెడతది, దోమల్ని తింటది. అది పడుకున్నచోట పైన గవ్వంత మెత్తటి మచ్చ ఉంటది. మేం అది చూసుకుని, తప్పించే గునపం వేస్తాం. పల్లకీలోంచి కనబడదు."

"మరి నేనిచ్చిన దానం?" అన్నాడు రాజు.

"మంత్రిగారు గడ్డ పారేశారు, ఆయనకు చెల్లదు. ధార కప్ప మీదా పడింది, ఒంటికంటిన మన్ను అది జారవిడవలేదు. ఇక నేల ఎవరిదో మీరే చెప్పండి."

రాజు మంత్రి తలపాగా వైపు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి కొలువంతా నవ్వింది. నలభై గడపల గోడు సోకని చెవులకు కప్ప అరుపు సోకింది. ఇందులో నవ్వడానికి ఏముందో గవరమ్మకు అర్థం కాలేదు. ఆమె నవ్వలేదు.

రాజు తన దండకడియం తీసి ఇవ్వబోయాడు.

"బంగారం వద్దు మారాజా. శాసనం రాయించండి."

రాయసగాడు రాగిరేకు తీశాడు. "దానం పుచ్చుకున్నవారి వంశం?"

"రాసుకో బాబూ. ఎండకు మట్టి కరుచుకుని, వానకు లేచి, తుంగలో బతికేవాళ్ల వంశం. మేమూ అందులోవాళ్లమే."

రాజు నవ్వుతూనే ముద్ర వేశాడు.

ఆ ఏడు తొలకరికి చిత్తడంతా ఒక్కటే పిలుపు. అది మంత్రిగారి మేడదాకా వినబడిందట.