దొరబాబు మూతి, అబ్బులు ముడి

గోదారి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళ పాయ పక్కన ఒక మడ అడవి. రోజూ పోటొచ్చి చెట్ల వేళ్ళన్నీ ముంచేస్తుంది, పాటొచ్చి మళ్ళీ బురద తేలుస్తుంది. ఆ బురదలో పీతలకి కొదవ లేదు. అందుకే అక్కడ ఎవరైనా ఎదురుపడితే "బాగున్నావా?" అని అడగరు, "పీత దొరికిందా?" అని అడుగుతారు.

అడవి మొత్తానికి ఎత్తయిన దిబ్బ ఒక్కటే. దాని మీద నీటికుక్క మరిడమ్మ ఇద్దరు పిల్లలతో కాపురముండేది. ఆమె నీళ్ళలో మునిగిందంటే ఖాళీ నోటితో తేలదని పాయ మొత్తం చెప్పుకునేది. ఆమెకీ ఆ పేరంటే గొప్పే. నడిచేటప్పుడు మెడ కాస్త పైకే ఉండేది.

అలాంటి మరిడమ్మకి వానాకాలంలో దెబ్బ తగిలింది. బురదలో దాక్కున్న టేకు చేప తోకముల్లు ఆమె వెనక్కాలిలో దిగింది. ప్రాణం దక్కింది గాని కాలు చచ్చుబడింది. ఈదగలదు, వేటని తరమలేదు.

నాలుగో నాటికి పిల్లలు బురదలో నత్తలు ఏరుకుంటుంటే చూసి, నక్క దొరబాబు దిబ్బెక్కి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు అంటారు కదా.

"అత్తా, నిన్నిలా చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది," అన్నాడు, తోకతో కళ్ళొత్తుకుంటూ. "రోజూ నేను తినగా మిగిలింది తెచ్చి పడేస్తాను. పిల్లల్ని పస్తు పెట్టకు."

"తెచ్చి పడేస్తావా? బదులుగా ఏం ఎత్తుకుపోతావు?"

"అబ్బే, ఎత్తుకుపోవడమేంటి! పున్నమి పోటుకి నా బొరియ మునిగిపోతోంది. ఈ దిబ్బ నాకిచ్చి, నువ్వూ పిల్లలూ కింద సర్దుకుంటే చాలు. నీళ్ళలో బతికేదానివి, నీకు దిబ్బెందుకు?"

"నా పిల్లలు ఇంకా ఈత నేర్వలేదు దొరబాబూ. పోటొస్తే వాళ్ళకీ దిబ్బే దిక్కు. అయినా ముష్టి తిన్న నోటితో పిల్లలకి బుద్ధులు చెప్పలేను. వెళ్ళు."

"వెళ్తాలే. మరి తిండెలా?"

వరదకి కొట్టుకొచ్చి మడ వేళ్ళలో చిక్కుకున్న పీతల బుట్ట ఒకటి ఆమె కంటపడింది. ఎవరో జాలరిది. వెదురుతో అల్లింది. పైన మూత, అటొకటి ఇటొకటి రెండు నోళ్ళు. నోటి చుట్టూ పుల్లలు లోపలికి వాలి ఉంటాయి. వెళ్ళేటప్పుడు దారిస్తాయి, వచ్చేటప్పుడు గుచ్చుకుంటాయి.

"ఆ బుట్టతో పట్టుకుంటాను," అంది మరిడమ్మ.

దొరబాబు పకపకా నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! మనుషుల పనిముట్టు మనకి లొంగుతుందా అత్తా?"

ఆ నవ్వు ఆమెని కాలి ముల్లు కన్నా లోతుగా గుచ్చింది. రోషంలో నోరు జారింది.

"పున్నమి పోటు వచ్చేలోగా ఈ బుట్టతో నా పిల్లల కడుపు నింపలేకపోతే దిబ్బ నీదే. పో!"

ఈత చెట్టు మట్ట మీద కూర్చున్న లకుముకిపిట్ట చిన్నమ్మలు ఆ మాట విని ఉలిక్కిపడింది. "అయ్యో వదినా, ఎంత మాటన్నావు! వాడసలే నక్క."

"అన్నాను. ఇక నిలబెట్టుకుంటాను," అంది మరిడమ్మ.

పాటు వేళ నీళ్ళు తగ్గగానే ఆమె బుట్టని పాయ అంచున పెట్టి, మడ వేరుకి కట్టింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్ల చేప తల ఒకటి లోపల పడేసింది. పోటొచ్చి పోయాక చూస్తే బుట్టలో పీతా లేదు, ఎరా లేదు. మర్నాడు ఎరని బుట్ట గోడకి కట్టింది. అదీ పోయింది. ఆ తర్వాత తుంగతాడుతో నడుమ వేలాడదీసింది. తాడు మిగిలింది, తల పోయింది.

"చెప్పానా అత్తా," అన్నాడు దొరబాబు దూరం నుంచి, మూతి నాక్కుంటూ. "ఈ పీతలున్నాయే, మహా దొంగలు. బయట నిలబడే గిల్లుకుపోతాయి. నీకెందుకీ అవస్థ?"

ఆ పూట పిల్లలు ఆకలికి ఏడవను కూడా లేదు. ఊరికే పడుకున్నారు. ఏడిస్తేనే నయమనిపించింది మరిడమ్మకి. తెగిన తాడు నోట కరుచుకుని, కుంటుకుంటూ ఈత చెట్టు కిందికి వెళ్ళింది.

ఆ చెట్టు మీద గిజిగాడు అబ్బులు ఉంటాడు. పిడికెడు ఒళ్ళు, బండెడు గర్వం. ఏ గాలివానకీ తన గూడు రాలలేదని వచ్చేపోయే కొంగలకి కూడా చెప్పుకుంటాడు. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేరు.

"అబ్బులూ, ఈ తాడు చూడు నాయనా. పీతలు కొరికేశాయంటున్నారు."

అబ్బులు కిందికి వాలి, తాడు కొస తిప్పి తిప్పి చూశాడు. "పీతా? ఎవరు పిన్నీ ఆ మాటన్నది? పీత డెక్కతో నొక్కితే కత్తెర పెట్టినట్టు తెగుతుంది. ఇది చూడు, పీచు పీచుగా ఉంది. నమిలారు దీన్ని. ఇది పళ్ళున్నవాడి పని."

పైనుంచి చిన్నమ్మలు అందుకుంది. "ఇంకెవడు? వాడే! ఆ దొర..."

"పేరెత్తకు," అని ఆపింది మరిడమ్మ. "చూడకుండా పేరు పెడితే నిందవుతుంది. చూశాకే అందాం. అబ్బులూ, నాకో సంచి అల్లిపెట్టు. ఎర అందులో పెట్టి బుట్ట నడుమ కట్టాలి."

అబ్బులు ముక్కు ఎగరేశాడు. "నేను కాపురాలకి గూళ్ళు అల్లేవాణ్ణి పిన్నీ. చచ్చిన చేప తలకి సంచులు అల్లమంటావా?"

"పోనీలే, నీకు కష్టమైతే వద్దు. కాకినడుగుతా. అదీ గూడు కడుతుందిగా."

"కాకా!" అబ్బులు రెక్కలు విదిల్చాడు. "నాలుగు పుల్లలు పారేసి దాన్ని గూడంటుంది, దాన్నడుగుతావా? కూర్చో ఇక్కడ. ఎలా కావాలో చెప్పు."

మరిడమ్మ లోపల నవ్వుకుని చెప్పింది. "వాసన బయటికి పోవాలి, ముక్క మాత్రం పోకూడదు. పీత వచ్చి గీకుతూ కూర్చోవాలి, కడుపు నిండకూడదు. నిండితే వెళ్ళిపోతుంది. అది కూర్చుంటే దాన్ని చూసి ఇంకోటి వస్తుంది."

"అంటే సన్న కన్నుల అల్లిక, గట్టి నార. ఈత నార అయితే పీత డెక్కకి చప్పున తెగదు. మరి గోడకి కడితే?"

"బయటి నుంచే గిల్లుకుంటాయి. నడుమే ఉండాలి."

"నడుమ వేలాడదీస్తే పోటుకి ఊగి గోడకే తగులుతుంది కదా పిన్నీ!"

ఆ సంగతి మరిడమ్మకి తట్టలేదు. "నిజమే నాయనా. మరేం చేద్దాం?"

"పైకో ముడి, కిందకో ముడి. అటు లాగినా ఇటు లాగినా కదలదు. మూతకి కూడా నా ముడే వేస్తాను. విప్పగలిగినవాడు ఈ అడవిలో ఇంకా పుట్టలేదు."

మరిడమ్మ ఈత మట్టల్ని పళ్ళతో చీల్చి నార తీసిచ్చింది. అబ్బులు అల్లాడు. మధ్యలో నచ్చక సగం విప్పేసి మళ్ళీ అల్లాడు. "చాల్లే, బాగానే ఉంది," అని చిన్నమ్మలు అంటే, "బాగానే ఉన్నది నేను చెయ్యను," అన్నాడు. పని అయ్యేసరికి పిడికెడంత సంచి తయారైంది. మరిడమ్మ దాంట్లో చేప తల కుక్కి, గోళ్ళతో లాగింది, పళ్ళతో పీకింది. ఇసుమంతైనా జారలేదు.

"ఇదీ చెయ్యంటే!" అంది మనస్ఫూర్తిగా. అబ్బులు మెడ ఇంకో వేలెడు పొడుగైంది.

పున్నమి నాటి పొద్దున, పాటు వేళకి బుట్ట పెట్టి మరిడమ్మ దిబ్బ మీదికి వెళ్ళిపోయింది. అడవిలో అందరూ ఆమె మాట పోతుందనే అనుకుంటున్నారు.

కాసేపటికి పొదల్లోంచి దొరబాబు దిగాడు. అటూ ఇటూ చూశాడు. రోజూ లాగే బుట్ట నోట్లోకి ముందుకాలు చాపాడు. అందలేదు. భుజం దాకా దూర్చాడు. గోటి కొసకి సంచి తగిలింది గాని, లాగితే రాలేదు. మూత పీకి చూశాడు. ముడి బిగిసిందే తప్ప వదల్లేదు.

"ముసల్దానికి కొత్త తెలివొచ్చిందే," అని గొణుక్కుని తలే లోపల పెట్టాడు.

తల దూరింది. మూతి సంచికి తగిలింది. కానీ చుట్టూ పుల్లలు నొక్కేస్తుంటే నోరు తెరుచుకోలేదు. వాసన ముక్కులో ఉంది, ముక్క నోట్లోకి రాదు. వెనక్కి లాగాడు. పుల్లలు మెడలో గుచ్చుకున్నాయి. ఇంకా లాగాడు, ఇంకా దిగాయి.

ఈలోగా పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఎర వాసన పట్టి పీతలు బయల్దేరాయి. ఇటు నోట్లో నక్క తల అడ్డం ఉంటే అవి అటు నోట్లోంచి వచ్చాయి. ముందొచ్చిన గండుపీత సంచిని గీకింది. రెండోది సంచి పక్కన నల్లగా, తడిగా, మెత్తగా ఇంకేదో కనిపిస్తే దాన్ని పట్టుకుంది. అది దొరబాబు ముక్కు.

తేలు కుట్టిన దొంగైనా నోరు మూసుకుంటాడు. పీత పట్టిన దొంగకి ఆ యోగం కూడా లేదు. మూసిన నోట్లోంచే దొరబాబు పెట్టిన కూతకి మడ చెట్ల మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. చిన్నమ్మలు వచ్చింది, అబ్బులు వచ్చాడు. నీళ్ళలో ఈదుకుంటూ మరిడమ్మ వచ్చింది.

"అత్తా! తియ్యి అత్తా! చచ్చిపోతున్నా!" అని బిగిసిన పళ్ళ సందుల్లోంచే మూలిగాడు.

"ఇక్కడేం చేస్తున్నావు దొరబాబూ?"

"నీ ఎరని పీతలు ఎత్తుకుపోతుంటే... కాపలా కాస్తున్నా!"

"తల లోపల పెట్టి కాస్తారా కాపలా?" అంది చిన్నమ్మలు. కొంగలు గొల్లుమన్నాయి.

నీళ్ళు దొరబాబు గడ్డం దాటాయి. మరిడమ్మ బుట్ట పక్కకి చేరి, తన భుజంతో దాన్ని కాస్త పైకెత్తి పట్టింది. నీళ్ళు ముక్కుకి అందకుండా ఆపింది. చచ్చుబడ్డ కాలు బురదలో కూరుకుపోతోంది.

"నువ్వు చచ్చిపోతే నాకు దిబ్బ మిగులుతుంది, నిజం మిగలదు. నా పిల్లల నోటి దగ్గర కూడు రోజూ ఎవరు తీశారో అందరూ వినేలా చెప్పు."

"నేనే అత్తా! రోజూ నేనే తిన్నా! పీతలు కాదు, నేనే!"

"అబ్బులూ, మూత ముడి విప్పు."

అబ్బులు తొందరపడలేదు. ముడి మీద వాలి, చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారో లేదో చూసుకున్నాడు. అప్పుడు ముక్కుతో ఒక కొస లాగి, ఇంకో కొస తిప్పి, మూడో చోట చిన్నగా పొడిచాడు. రాయిలా బిగిసిన ముడి వానపాములా జారిపోయింది. మరిడమ్మ చెయ్యి లోపల పెట్టి పుల్లలు విడదీసింది. పుల్లల్లోంచి మెడ విడిపించుకుని దొరబాబు వెల్లకిలా బురదనీళ్ళలో పడ్డాడు. గండుపీత ముక్కు వదల్లేదు. దాన్ని విడిపించడానికి ఇంకో గొడవైంది.

బుట్టలో చూస్తే అరడజను పీతలు. ఎర సంచి కట్టినచోట కట్టినట్టే ఉంది. ఒక్క పోగు తెగలేదు.

ఆ పూట పిల్లలు డెక్కలు కొరికి, గుల్లలు నాకి, పొట్టలు బిర్రుగా దిబ్బ మీద దొర్లారు. "అమ్మా, ఇవి నువ్వే పట్టావా?" అని చిన్నది అడిగింది.

"నేనూ, మన అబ్బులూ," అంది మరిడమ్మ. అలా చెప్పేటప్పుడు ఆమె మెడ మునపటికన్నా ఎత్తుగా ఉంది.

ఆ రాత్రి పున్నమి పోటు అడవంతా ముంచింది. దిబ్బ అంచున దొరబాబు తడిసి ముద్దై, ముక్కు వాచి, బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. కొంగలు తరమబోయాయి.

"ఉండనివ్వండి," అంది మరిడమ్మ. "ఓడినవాణ్ణి నీళ్ళలోకి నెట్టడం మా ఇంట్లో లేదు. ఆ చివర కూర్చో దొరబాబూ. పాటు రాగానే దిగిపో."

మర్నాటి నుంచి అడవిలో వాళ్ళంతా వరదకి కొట్టుకొచ్చిన బుట్టలు వెతికి తెచ్చుకుని, వాటికి ఎర సంచులు కావాలని ఈత చెట్టు కింద బారులు తీరారు. "ఒక్కొక్కరే రండి, ఒక్కొక్కరే. అల్లిక అంటే అల్లరి కాదు," అని అబ్బులు మట్ట మీంచి గదమాయించాడు.

దొరబాబు ఆ పాయ వదిలి దూరంగా చేలగట్ల మీదికి మకాం మార్చాడు. అక్కడ ఎవరైనా ఆ ముక్కేంటని అడిగితే, "తేనెపట్టు కొట్టబోతే ఈగలు కుట్టాయి," అని చెప్పుకుంటున్నాడట.

దొంగ చెయ్యి ఎంత పొడుగైనా, పనిమంతుడి ముడి ముందు పొట్టిదే.