ఎలుక పట్టిన ఆకురాయి

ఒకప్పుడు ఎలుక పళ్లు పెరిగేవి కావు. రంపం పళ్లలా కొసన వంపు, వంపు కింద చిన్న గుంట ఉండేవి. మొద్దుబారితే సాన పట్టించుకోవాల్సిందే.

సాన పట్టేది కొండ కింద కమ్మరి గవరమ్మ. పంటిని అరగదీయడానికి ఆమె దగ్గర మూడు గుండ్రటి ఇనప ఆకురాళ్లు ఉండేవి. ఒకటి చీపురుపుల్లంత సన్నం, ఒకటి వేలంత లావు, ఒకటి మధ్యరకం.

ఒకరోజు పెద్ద వాన. మట్టి జారి, చింతవేరు ఒకటి ఎలుక కన్నానికి అడ్డం పడింది. లోపల ఐదు పిల్లలు. ఇంకా కళ్లయినా తెరవలేదు. కన్నంలోకి నీరు దిగుతోంది. ఎలుక వేరును కొరికింది. పన్ను మొద్దుబారి ఉంది, దిగలేదు.

"నా మీద కోపమెందుకే? నడవగలిగితే నానే తప్పుకుందును" అంది వేరు.

ఎలుక గవరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అప్పా, బేగి! పిల్లలు మునిగిపోతన్నారు!"

"మూడిట్లో మజ్జిది తియ్యి. ఆకురాయి పంటి గుంటలో ఇమడాల, పైకి రవ్వంతే కనపడాల. అదే నీ కొలత" అంది గవరమ్మ, కొలిమి ఊదుతూనే.

ఎలుక వింటేగా! లావుదైతే రెండుసార్లు రుద్దితే పనైపోతుందనుకుని, తనే తీసుకుని రుద్దుకుంది. లావుది గుంటలోకి దిగలేదు, పైన ఉన్న వంపును తినేసింది. పన్ను తళతళలాడింది గానీ, కట్టె మీద పెడితే జారిపోయింది. వెంటనే సన్నదాన్ని అందుకుంది. అది గుంటను లోతుగా తవ్వేసింది. పన్ను పుటుక్కున విరిగింది.

"ఉన్న పంటికి సాన పడతాను. లేని పంటికేటి సెయ్యను?" అంది గవరమ్మ. పాపం, ఆమెకూ ఏడుపొచ్చింది.

కొలిమి వెనక వెదురు ఇదంతా వింది. "నా ఎదుగుదల నీకిత్తాను. ఇచ్చాక ఆపడం మాత్రం నా వల్ల కాదు."

"ఇయ్యి" అంది ఎలుక. ఈసారి ఆలోచించడానికి ఏముంది?

కొత్త పన్ను పొడుచుకొచ్చింది. ఎలుక వేరు కొరికి, ఐదు పిల్లల్నీ ఒక్కొక్కటిగా గట్టుకు చేర్చింది. ఆఖరిదాన్ని తీసేసరికి దాని ముక్కు దాకా నీరొచ్చేసింది.

మర్నాటికి పన్ను గడ్డం దాకా పెరిగింది. బుద్ధిగా మధ్యరకంతోనే అరగదీయించుకుంది. ఆ మర్నాడు పంటితోపాటు గుంటా పెరిగి, అదీ సరిపోలేదు.

"రోజుకో కొలత ఆకురాయి నానెక్కడ తెచ్చేది? దొరికినదాన్నల్లా కొరుక్కో" అంది గవరమ్మ.

అప్పటినుంచే ఎలుక తలుపు, తాడు, సబ్బు, ఆఖరికి మీ లెక్కల పుస్తకం కూడా కొరుకుతోంది. పొట్ట నిండినా కొరుకుతుంది. నాలుగు రోజులు మానితే పన్ను నోటికి అడ్డం పడి తిండి దిగదు మరి. ఐదు పిల్లలూ బతికాయి కదా, అందుకే ఈ చాకిరీ గురించి అది ఏనాడూ వెదురును తిట్టలేదు.