రెండో పేజీలోని గ్రేడు

“రిపోర్టులో గ్రేడు కనబడకపోతే తొమ్మిది వేసేద్దామండీ. ఏం కొంప మునుగుతుంది?” అని ప్రభుదాసు అడిగాడు. మా ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని అతను కొత్తగా నేర్చుకుంటున్నాడు. నేర్పేది పాథాలజీ పెద్ద డాక్టరు తిలోత్తమగారు.

గ్రేడంటే గడ్డలోని కణాలు ఎంత చెడ్డగా మారాయో చెప్పే అంకె. ఒకటైతే నెమ్మది, మూడైతే ఉధృతం. తొమ్మిదంటే తెలియదు. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు కదలదు. అందుకని రిపోర్టు మొదటి పేజీ చూడటం, అక్కడ లేకపోతే తొమ్మిది కొట్టి పారేయడం మా సెక్షన్లో ఆనవాయితీ అయిపోయింది. మూడో గ్రేడు వాళ్ళను ఈ కంప్యూటరు జాబితా చూసే మళ్ళీ పరీక్షలకు ముందుగా పిలుస్తారని మాలో అందరికీ తెలుసు. తెలిసీ కొట్టాం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది గనక, తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తిలోత్తమగారు వరండాలో ఉన్న సూరీడమ్మను పిలిచి ప్రభుదాసు ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమె రొమ్ములో గడ్డ తీయించుకుని ఎనిమిది నెలలైంది. ఎవరూ పిలవలేదు. చంకలో మళ్ళీ గడ్డ చేతికి తగిలితే తనే బస్సెక్కి వచ్చింది.

“కంప్యూటర్లో ఈమె గ్రేడెంతో చదువు,” అన్నారు డాక్టరుగారు.

“తెలియదు అని ఉందండీ.”

సూరీడమ్మ అతని మొహంలోకి చూసింది. “అదేటి బావూ? ముక్క కోసి అట్టుకెల్లిపోనారు గదా. ఎవులూ సూడ్నేదా?”

ప్రభుదాసు లేచి బీరువాలోంచి ఫైలు తీశాడు. మొదటి పేజీలో పేరు, వయసు, ముక్క కొలతలు ఉన్నాయి. పేజీ తిప్పాడు. తిలోత్తమగారి సంతకానికి పైన ‘గ్రేడు మూడు’ అని స్పష్టంగా ఉంది. ఒక మనిషి మైక్రోస్కోపులో కళ్ళు పొడుచుకుని చూసి రాసిందాన్ని, పేజీ తిప్పే ఓపిక లేక మేం ‘తెలియదు’ చేసి కూర్చున్నాం. సిగ్గులేని బతుకులు!

అతను తొమ్మిది చెరిపి మూడు వేశాడు. “దిద్దేశానండీ,” అన్నాడు, తల ఎత్తకుండా.

తిలోత్తమగారు ఫైలు అతని చేతిలోంచి తీసుకుని సూరీడమ్మ ముందు పెట్టారు.

“కంప్యూటరుకి చెప్పావు. ఇప్పుడు ఆవిడకి చెప్పు.”